తొలి కాన్పు: తక్కువ ఖర్చుతో తల్లిపాలకు ముందే సిద్ధమవడం ఎలా?

తల్లిపాలకు ఖర్చే ఉండదంటారు. కానీ మొదటి బిడ్డ పుట్టిన ఇంట్లో ఖర్చు అవుతూనే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లో, భయంతో పెట్టేదే. బిడ్డ రాత్రంతా ఏడుస్తుంది. పాలు చాలట్లేదేమోనని అనుమానం మొదలవుతుంది. తెల్లారేసరికి పాలపొడి డబ్బా, నాలుగు సీసాలు, వాటిని శుభ్రం చేసే యంత్రం, కరెంటు పంపు అన్నీ ఇంట్లో ఉంటాయి. నెల తిరిగేసరికి సగం అటక మీదకు చేరతాయి. ఆ రాత్రి బిడ్డ చేసింది మామూలు పనే అని ముందే తెలిసి ఉంటే వాటిలో చాలావరకు కొనేవాళ్లు కాదు. అందుకే ఈ వ్యాసంలో వస్తువుల గురించి తక్కువగా, మొదటి వారం గురించి ఎక్కువగా చెబుతున్నాం.

ఏడో నెల నుంచే మొదలుపెట్టండి

ముందుగా డాక్టరుకు చెప్పాల్సినవి చెప్పేయండి. గతంలో రొమ్ముకు ఏదైనా ఆపరేషన్ జరిగిందా, థైరాయిడ్, షుగర్, పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నాయా, రోజూ ఏ మందులు వాడుతున్నారు, గర్భం వచ్చాక రొమ్ముల్లో పెరుగుదల అసలు కనిపించలేదా, ఇవన్నీ చెప్పాలి. వీటిలో ఏదున్నా పాలు రావని అర్థం కాదు. కొందరిలో పాలు ఆలస్యంగా పడతాయి, కొందరిలో కొంచెం తక్కువగా వస్తాయి. ముందే తెలిస్తే మొదటి రోజు నుంచే ఎవరో ఒకరు దగ్గరుండి చూస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, కేన్సర్ మందులు వాడుతున్నవాళ్లు బిడ్డకు ఏ పాలు పట్టాలో కాన్పుకు ముందే డాక్టరుతో తేల్చుకోవాలి.

చనుమొనలను కూడా ఒకసారి చూసుకోండి. నల్లటి వలయం అంచు దగ్గర బొటనవేలు, చూపుడువేలు పెట్టి మెల్లగా నొక్కండి. మొన బయటికొస్తే సరే. చదునుగా ఉన్నా, లోపలికి వెళ్లిపోయినా కంగారుపడకండి. బిడ్డ పట్టుకోవాల్సింది మొనను ఒక్కదాన్నే కాదు, దాని వెనకున్న వలయాన్ని కూడా. గర్భంతో ఉన్నప్పుడు మొనలను గుంజడం, గరుకు గుడ్డతో రుద్దడం, సబ్బుతో తోమడం మాత్రం వద్దు. వలయం మీద కనిపించే చిన్న చిన్న బుడిపెల నుంచి ఊరే నూనె ఆ చర్మాన్ని కాపాడుతుంది. సబ్బు దాన్ని కడిగేస్తే పగుళ్లు తొందరగా వస్తాయి.

తర్వాత ఆసుపత్రి సంగతి. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి మొదలుపెట్టిన ‘బేబీ ఫ్రెండ్లీ’ ఆసుపత్రుల పథకం తల్లిపాలకు తోడ్పడే పది సూత్రాల మీద నడుస్తుంది. వాటి ఆధారంగా మీ ఆసుపత్రిని నాలుగు ప్రశ్నలు అడగండి. పుట్టిన గంటలోపు బిడ్డను నా గుండెల మీద పడుకోబెడతారా, సిజేరియన్ అయినా సరే? రాత్రిపూట కూడా బిడ్డ నా గదిలోనే ఉంటుందా? నన్ను అడగకుండా డబ్బాపాలు పడతారా? పాలు పట్టించడంలో సాయం చేసే నర్సు ఏయే వేళల్లో ఉంటారు? మీ కోరికలను ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టండి. నొప్పుల మధ్య అవి మీకు గుర్తుండవు, పక్కనున్నవాళ్లు ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది.

కొనాల్సినవి కొన్నే

లోపల తీగ లేని, ముందు తెరుచుకునే బ్రాలు రెండు చాలు. తొమ్మిదో నెలలో కొలిచి, కప్పు కాస్త వదులుగా ఉండేవి తీసుకోండి. మూడు నాలుగు రోజులకు పాలు పడగానే సైజు మారుతుంది కాబట్టి మిగతావి రెండు మూడు వారాలయ్యాకే కొనండి. బిగుతు బ్రా పాలనాళాలను ఒత్తి గడ్డలకు దారితీస్తుంది.

పాలు కారినప్పుడు పెట్టుకునే ప్యాడ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. మెత్తబడ్డ పాత నూలుగుడ్డను 12 సెంటీమీటర్ల గుండ్రాలుగా కత్తిరించి, మూడు నాలుగు పొరలు కలిపి అంచు కుట్టండి. మధ్య పొర పాత టవల్‌ది అయితే బాగా పీలుస్తుంది. ఎనిమిది నుంచి పది జతలు ఉంటే ఉతుకుతూ వాడుకోవచ్చు. తడిసిన ప్యాడ్‌ను వెంటనే మార్చాలి. తడి అలాగే ఉంటే చర్మం నాని పుండవుతుంది, ఫంగస్ కూడా పట్టొచ్చు.

ఇవి కాక గట్టి దిండ్లు రెండు, ముందు గుండీలున్న వదులు దుస్తులు, వెడల్పు మూతి ఉన్న గిన్నె ఒకటి, చిన్న కప్పు లేదా ఉగ్గుగిన్నె, సూది లేని 1 మి.లీ. సిరంజీలు కొన్ని. పాలు తాగే బిడ్డకు విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్ల చొప్పున రాయడం మామూలు. ఈ చిన్న ఖర్చు తగ్గించుకోవద్దు, మోతాదు మాత్రం డాక్టరునే అడగండి.

కాన్పుకు ముందు కొనకూడనివి

సీసాలు, స్టెరిలైజర్, నిపుల్ షీల్డు (చనుమొన మీద పెట్టే పలుచని తొడుగు), పాలు పట్టడానికే ప్రత్యేకంగా అమ్మే దిండు, పాలు పెరుగుతాయని అమ్మే పొడులు. వీటిలో ఏదైనా నిజంగా అవసరమైతే కాన్పయ్యాక గంటలో తెప్పించుకోవచ్చు. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 300 నుంచి 500 కేలరీలు అదనంగా కావాలి. అంటే ఇంట్లో రోజూ తినే తిండే ఇంకాస్త ఎక్కువ తినాలి, దాహమైనప్పుడల్లా నీళ్లు తాగాలి. దీనికి పొడులతో పనిలేదు.

‘ఎందుకైనా మంచిది’ అని డబ్బాపాలు ముందే తెచ్చిపెట్టుకోవడం, ఎవరైనా ఉచితంగా ఇస్తే తీసుకోవడం, ఈ రెండింటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. రొమ్ములో పాలు ఎంత ఖాళీ అయితే అంత కొత్తగా తయారవుతాయి. లోపల నిల్వ ఉండిపోతే తయారీ మందగిస్తుంది. రాత్రి ఒక్కసారి డబ్బాపాలు పడితే బిడ్డ ఎక్కువసేపు పడుకుంటుంది, ఆ సమయంలో రొమ్ము ఖాళీ కాదు, మర్నాటికి పాలు కొంచెం తగ్గుతాయి. అలా రోజూ జరిగితే వారంలో డబ్బాపాలు లేకుండా కుదరని పరిస్థితి వస్తుంది. ఉచితంగా వచ్చిన మొదటి డబ్బా తర్వాత నెలల తరబడి కొనాల్సిన డబ్బాలకు దారి వేస్తుంది. డబ్బాపాల ప్రచారం, అమ్మకాలపై 1981లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి తల్లులకు ఇలాంటి ఉచిత నమూనాలు ఇవ్వకూడదని చెప్పింది ఇందుకే. డాక్టరు కారణం చెప్పి పట్టమంటే తప్పకుండా పట్టండి. ఆ సంగతి కింద చెబుతాం.

పంపు కూడా ముందే కొనకండి. బిడ్డ మీ దగ్గరే ఉండి బాగా తాగుతుంటే దానితో పనే పడదు. పైగా చనుమొన మీద పెట్టే గరాటు సైజు కాన్పయ్యాకే సరిగ్గా తెలుస్తుంది. పంపు నడుస్తున్నప్పుడు మొన ఒక్కటే గొట్టంలో స్వేచ్ఛగా కదలాలి. గరాటు పెద్దదైతే వలయం కూడా లోపలికి లాగబడుతుంది, చిన్నదైతే మొన గోడలకు రాసుకుని పుండవుతుంది. ఇంకొకరు వాడిన పంపు తీసుకోవాలనుకుంటే ఒక్కటి చూడండి. పాలు మోటారులోకి వెళ్లకుండా మధ్యలో అడ్డు ఉందా? లేని పంపులో ముందు వాడినవాళ్ల పాలు లోపలికి చేరి ఉండొచ్చు, దాన్ని ఎంత కడిగినా శుభ్రం కాదు. అడ్డు ఉన్నదైనా సరే గొట్టాలు, గరాటు, వాల్వు కొత్తవి వేసుకోవాలి.

చేత్తో పాలు పిండటం నేర్చుకోండి

ఇంత ఉపయోగపడే పని మరొకటి లేదు, దీనికి ఖర్చూ లేదు. బిడ్డ మొదటి రోజు సరిగా పట్టకపోయినా, రొమ్ము గట్టిపడినా, తల్లీబిడ్డలను వేరువేరు గదుల్లో ఉంచాల్సి వచ్చినా ఇదే ఆదుకుంటుంది. ముర్రుపాలు చిక్కగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి కాబట్టి పంపు గొట్టానికే సగం అంటుకుపోతాయి. చేత్తో పిండితే చుక్క వృథా కాదు.

1. చేతులు సబ్బుతో కడగండి. గిన్నెను నీళ్లలో పూర్తిగా ముంచి 5 నిమిషాలు మరిగించి చల్లారనివ్వండి.
2. గోరువెచ్చని గుడ్డను రొమ్ము మీద రెండు మూడు నిమిషాలు వేసి, అరచేత్తో మెల్లగా నిమరండి.
3. మొనకు 2 నుంచి 3 సెంటీమీటర్లు వెనక్కి, పైన బొటనవేలు, కింద మిగతా వేళ్లు పెట్టండి.
4. చేతిని ముందుగా వెనక్కి, ఛాతీ ఎముక వైపు నొక్కండి.
5. అక్కడి నుంచి వేళ్లను ఒకదానికొకటి దగ్గరికి తెచ్చి నొక్కి వదలండి. నొక్కు, వదులు, నొక్కు, వదులు. వేళ్లు చర్మం మీద జారకూడదు.
6. ధార తగ్గగానే వేళ్లను వలయం చుట్టూ కొంచెం పక్కకు జరపండి. ఒక్కో వైపు మూడు నుంచి ఐదు నిమిషాలు చొప్పున మార్చిమార్చి, మొత్తం 20 నుంచి 30 నిమిషాలు చేయండి.

మొదటి ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోవడం మామూలే, ఆపేయకండి. నొప్పి పుడుతుంటే ఎక్కడో తేడా ఉంది. మొననే పిండుతుంటే లోపలి నాళం మూసుకుపోయి పాలు రావు. వేళ్లు జారుతుంటే చర్మం మండుతుంది. చుక్క కనిపించకపోతే వేళ్లను అర సెంటీమీటరు ముందుకో వెనక్కో జరిపి చూడండి, ప్రతి ఒక్కరికీ ఆ చోటు కొద్దిగా వేరుగా ఉంటుంది.

36 వారాలు నిండాక, డాక్టరు సరేనంటే, కాన్పుకు ముందే ఇలా పిండి సిరంజీల్లో ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. షుగర్ ఉన్న తల్లులకు ఇది ప్రత్యేకంగా ఉపయోగం, ఎందుకంటే వాళ్ల బిడ్డలకు పుట్టగానే రక్తంలో చక్కెర తగ్గే అవకాశం ఎక్కువ. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉన్నవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్లు, మాయ కిందికి ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు.

పుట్టిన మొదటి గంట

బిడ్డను తుడిచి, బట్టలు లేకుండా మీ గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, పైన ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పమనండి. మొదటి గంటలో బిడ్డ మెలకువగా, చురుగ్గా ఉంటుంది. తర్వాత చాలాసేపు నిద్రపోతుంది. ఆ గంటను బరువు తూయడానికో ఫొటోలకో పోనివ్వకండి. స్నానం కనీసం 24 గంటలు ఆగొచ్చు. ఏ కారణంతోనైనా బిడ్డను వేరే గదికి తీసుకెళ్తే గంటలోపు, కుదరకపోతే ఆరు గంటలలోపు చేత్తో పిండటం మొదలుపెట్టండి. రోజుకు కనీసం 8 సార్లు, అందులో ఒకటి రాత్రిపూట ఉండాలి.

పట్టు సరిగా ఉంటే సగం సమస్యలు రావు

నొప్పి, పగుళ్లు, పాలు చాలకపోవడం, బిడ్డ బరువు పెరగకపోవడం. ఇవన్నీ వేర్వేరుగా కనిపించినా చాలాసార్లు మూలం ఒక్కటే, బిడ్డ రొమ్మును లోతుగా పట్టుకోకపోవడం. దీన్ని కాన్పుకు ముందే ఒక బొమ్మతోనో చుట్టిన టవల్‌తోనో సాధన చేయొచ్చు.

వీపుకు ఆనుకుని కూర్చోండి. ఒళ్లో దిండు పెట్టి బిడ్డను రొమ్ము ఎత్తుకు తెచ్చుకోండి, మీరు ముందుకు వంగితే నడుం పట్టేస్తుంది. బిడ్డ పొట్ట మీ పొట్టకు తగలాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. మెడ పక్కకు తిప్పి మింగడం మనకే కష్టం, బిడ్డకు ఇంకా కష్టం. ఎడమ రొమ్ముకు కుడిచేత్తో బిడ్డ మెడను, భుజాలను పట్టుకోండి. తల వెనక చేయి పెట్టి నెట్టకూడదు, నెడితే బిడ్డ వెనక్కి వాలిపోతుంది.

మొన బిడ్డ ముక్కుకు ఎదురుగా ఉండాలి, నోటికి కాదు. పై పెదవికి మొనను తాకించి ఆగండి. బిడ్డ ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా వేచి ఉండాలి. తెరవగానే గడ్డం ముందు తగిలేలా బిడ్డను దగ్గరికి లాక్కోండి. రొమ్మును బిడ్డ నోట్లో కుక్కే ప్రయత్నం చేయకండి.

సరిగా పట్టుకుంటే గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంటుంది, కింది పెదవి బయటికి మడిచి ఉంటుంది, నల్లటి వలయం కింద కంటే పైన ఎక్కువ కనిపిస్తుంది, బుగ్గలు లోపలికి గుంటలు పడవు. మొదట వేగంగా చప్పరించి, పాలు చేపగానే నిదానంగా మింగడం వినిపిస్తుంది. తొలి రోజుల్లో పట్టగానే అర నిమిషం లాగినట్టుండొచ్చు. నొప్పి ఆ తర్వాత కూడా ఉంటే ఓర్చుకోకండి. చిటికెనవేలు బిడ్డ నోటి మూల నుంచి పెట్టి పట్టు వదిలించి మళ్లీ మొదలుపెట్టండి. బిడ్డ వదిలాక మొనను చూడండి. గుండ్రంగా ఉంటే బాగుంది. కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటే, తెల్లగా మారితే, పట్టు లోతుగా లేదు.

సిజేరియన్ అయినవాళ్లు బిడ్డను చంక కింద, కాళ్లు వెనక్కి ఉండేలా పట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు. పక్కకు తిరిగి పడుకుని కూడా పట్టొచ్చు.

మొన లోపలికే ఉండి బిడ్డకు అందకపోతే 20 మి.లీ. సిరంజీ సాయపడుతుంది. సూది పెట్టే కొసను కోసేసి, లోపలి దండాన్ని ఆ కోసిన వైపు నుంచి దూర్చండి. నున్నగా ఉన్న రెండో వైపును మొన మీద పెట్టి, అర నిమిషం నుంచి నిమిషం వరకు మెల్లగా లాగి పట్టుకోండి. తీసేముందు దండాన్ని కొంచెం లోపలికి నొక్కి పట్టు వదలాలి. పాలు పట్టే ముందు ఇలా చేయాలి, అదీ కాన్పయ్యాకే.

మొదటి వారం లెక్క

పాలు చాలుతున్నాయా అన్న ప్రశ్నకు జవాబు ఏడుపులో ఉండదు, తడి గుడ్డల్లో ఉంటుంది. ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి.

మొదటి 24 గంటల్లో బిడ్డ ఒక్కో విడతకు తాగేది 2 నుంచి 10 మి.లీ. మాత్రమే. రెండో రోజు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30, నాలుగో రోజు 30 నుంచి 60. ముర్రుపాలు కొద్దిగా ఉన్నాయని భయపడేవాళ్లు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలి. మాయ బయటికొచ్చాక ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోతుంది, దాంతో రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు నిండుగా పడతాయి. సిజేరియన్ అయినా, రక్తం ఎక్కువగా పోయినా ఇంకొంచెం ఆలస్యం కావొచ్చు.

మూత్రం మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ ఐదో రోజు నుంచి రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. మలం మొదట తారులా నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, ఐదో రోజుకల్లా పసుపుపచ్చగా మారాలి. పుట్టిన బరువులో 7 శాతం వరకు తగ్గడం సాధారణం. 10 నుంచి 14 రోజుల్లో తిరిగి ఆ బరువుకు రావాలి.

రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. రెండో రాత్రి మాత్రం చాలామంది బిడ్డలు గంట గంటకూ, కొన్నిసార్లు వదలకుండా తాగుతారు. డబ్బా కొనే రాత్రి దాదాపు ఎప్పుడూ ఇదే. అది పాలు లేవని కాదు, పాలు తయారు చేయమని బిడ్డ పెడుతున్న పురమాయింపు. గుడ్డలు లెక్క ప్రకారం తడుస్తుంటే పక్కనున్నవాళ్లను సాయానికి పిలిచి పట్టిస్తూనే ఉండండి. మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు కూడా ఇలాంటి రెండు మూడు రోజులు రావొచ్చు. ఆరు నెలలు నిండేదాకా నీళ్లు కూడా అక్కర్లేదు.

ఈ కింది వాటిలో ఏదున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి: తడి గుడ్డలు లెక్క కంటే తగ్గడం, లేపినా లేచి తాగకపోవడం, కామెర్ల పచ్చదనం కాళ్ల వరకు పాకడం, బరువు 10 శాతం పడిపోవడం, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం. అప్పుడు అదనంగా పాలు పట్టమంటే ముందు మీరు పిండిన పాలు, అవి చాలకపోతే పాల బ్యాంకు పాలు (వేరే తల్లులు దానం చేసినవి), అవీ లేకపోతే డబ్బాపాలు. బిడ్డకు పోషణ అందడమే ముఖ్యం, ఇందులో మీ తప్పేమీ లేదు. పైన పాలు పట్టిన ప్రతిసారీ రొమ్ము పాలు కూడా పిండితే తయారీ తగ్గకుండా ఉంటుంది.

రొమ్ము గట్టిపడితే

పాలు పడిన రోజు రొమ్ము రాయిలా బిగిసి, వలయం ఉబ్బి, బిడ్డకు పట్టు దొరకదు. ఐదు వేళ్ల కొసలను మొన చుట్టూ పెట్టి, ఛాతీ వైపు నిమిషంసేపు నొక్కి పట్టుకోండి. వాపు వెనక్కి జరిగి ఆ చోటు మెత్తబడుతుంది, వెంటనే బిడ్డకు అందించండి. పట్టాక చల్లని గుడ్డ వేయండి. గడ్డ తగిలితే గట్టిగా రుద్దడం, పిసకడం వద్దు, అలా చేస్తే వాపు పెరుగుతుంది. ఎర్రగా కమిలి, జ్వరం, వణుకు వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆ వైపు కూడా పాలు పట్టడం ఆపక్కర్లేదు. పగుళ్లకు ముందు పట్టు సరిచేయాలి, తర్వాత రెండు చుక్కలు మీ పాలే రాసి ఆరనివ్వండి.

జలుబుకు వాడే సూడోఎఫిడ్రిన్, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు పాలను తగ్గిస్తాయి. ఏ మందు అడిగినా పాలిస్తున్నానని ముందే చెప్పండి.

మిగిల్చిన డబ్బు ఎక్కడ పెట్టాలి

మొదటి పది రోజుల్లో పాలు పట్టించడంలో శిక్షణ పొందినవాళ్లను ఒకసారి కలవడానికి సరిపడా పక్కన పెట్టండి. ఆసుపత్రి నర్సులు ఉచితంగా చూస్తారేమో ముందు కనుక్కోండి. ఏం బహుమతి కావాలని అడిగేవాళ్లకు బట్టలు వద్దని, రెండు పూటల వంటో ఇంటిపనో కావాలని మొహమాటం లేకుండా చెప్పండి.

పంపు కావాల్సింది ఉద్యోగానికి తిరిగి వెళ్లేవాళ్లకు, బిడ్డ ఆసుపత్రి నర్సరీలో (చికిత్స కోసం పసిబిడ్డలను ఉంచే గదిలో) ఉన్నవాళ్లకు. మొదటి పరిస్థితిలో చేతి పంపు కూడా సరిపోవచ్చు. వెళ్లడానికి రెండు మూడు వారాల ముందు రోజుకు ఒకసారి పిండి దాచడం మొదలుపెట్టండి. రెండో పరిస్థితిలో ఆసుపత్రి స్థాయి పంపు అద్దెకు తీసుకోవడం మేలు.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలల వరకు బాగుంటాయి. గది ఇంకా వేడిగా ఉంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ తలుపు అరల్లో పెట్టకండి, అక్కడ వేడి తగులుతూ ఉంటుంది. 60 మి.లీ. చొప్పున చిన్న మొత్తాలుగా తేదీ రాసి దాస్తే వృథా తక్కువ. కరిగించిన పాలను ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డ కట్టించకూడదు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చచేయండి, మైక్రోవేవ్ వద్దు. కప్పుతో పట్టేటప్పుడు బిడ్డను దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, పాలు కింది పెదవికి తగిలేదాకా మాత్రమే వంచండి. బిడ్డే నాలుకతో అందుకుంటుంది, నోట్లో పోయకూడదు. తాగగా మిగిలిన పాలు రెండు గంటలు దాటితే పారేయండి.